కవరు విప్పని చేతులు

పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళాక మొదటి ఆరేళ్ళూ మా అమ్మ పుట్టింటికి రాసిన ఉత్తరాలన్నింటిలో ఒకటే సంగతి ఉండేది. తను క్షేమంగా ఉన్నానని, వాళ్ళంతా క్షేమమని తలుస్తున్నానని. అమ్మకి రాయడం రాక కాదు. స్కూల్‌ఫైనల్ దాకా చదువుకుంది. కానీ ఇన్‌లాండ్ లెటరు రాసి, అంటించకుండా మా తాతయ్య చేతిలో పెట్టాలి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, అప్పుడు తడిచేసి అంటించి డబ్బాలో వేయించేవారు. పుట్టింటినుంచి వచ్చేవీ అంతే. అమ్మ చేతికి అందేసరికి విప్పేసి ఉండేవి. ఆ ఇంట్లో ఎవరూ దీన్ని తప్పనుకోలేదు. తాతయ్య మంచివారని ఇప్పటికీ మా బంధువులంతా అంటారు. మంచివారే కావచ్చు. అయినా అమ్మ ఆరేళ్ళపాటు ఒక్క నిజమూ కాగితం మీద పెట్టలేకపోయింది.

1974లో ఒకరోజు గుడికని చెప్పి అమ్మ పోస్టాఫీసుకెళ్ళి ట్రంక్‌కాల్ బుక్ చేసింది. ఆర్డినరీ కాల్. పుట్టింట్లో ఫోను లేదు. పక్కనున్న రైసుమిల్లుకి చేసి, వాళ్ళ నాన్నగారిని పిలవమంది. ఆ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అప్పుడు బోర్డు ముందు కూర్చున్నది మా పిన్ని, అమ్మకి స్వయానా చెల్లెలు. ఆ రోజు సంగతి పిన్ని నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

"అక్కయ్య గొంతు గుర్తుపట్టానే. ఏడుస్తోందనీ తెలిసింది. లైను కలిసింది, అవతల నాన్న వచ్చారు. ఇక కీ మూసేశాను."

"వినలేదా పిన్నీ? సొంత అక్క కదా!"

"అది అక్కయ్య నాన్నతో చెప్పుకునే మాట. నాకు చెప్పాలనుకుంటే నాకే చెప్పేది కదా."

ఆ సాయంత్రం వాళ్ళ నాన్న బస్సెక్కుతుంటేనే పిన్నికి సంగతేమిటో తెలిసింది.

'నెట్ న్యూట్రాలిటీ' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ మూసిన కీ గుర్తుకొస్తుంది. ఇంటర్నెట్ సౌకర్యం ఇచ్చే కంపెనీ తన తీగల మీదుగా వెళ్ళే సమాచారాన్ని, అది ఎవరిది, ఏమిటి అని చూసి కొన్నిటిని ఆపడం, కొన్నిటిని నెమ్మది చేయడం, డబ్బిచ్చిన వాళ్ళవి ముందుకు తోయడం చేయకూడదన్నది దాని సారాంశం. ఇది ఇంజనీర్ల గొడవ, కంపెనీల గొడవ, మనకెందుకు అని చాలామంది స్నేహితురాళ్ళు అన్నారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. దీని చరిత్ర చదవడం మొదలుపెట్టాక, ఆ తీగల ఈ చివరా ఆ చివరా, మధ్యలోనూ కూడా ఆడవాళ్ళే కనిపించారు.

* * *

ఈ నియమం ఇంటర్నెట్‌తో పుట్టలేదు. 1860లో అమెరికా పశ్చిమతీరానికి తంతి లైను వేయడానికి చేసిన చట్టంలోనే ఉంది. ఎవరు తెచ్చిన సందేశాన్నయినా అందిన వరసలోనే, పక్షపాతం లేకుండా పంపాలి, ప్రభుత్వ సందేశాలకు మాత్రం ముందు చోటివ్వాలి అని. దానికీ ముందు ఇంగ్లీషు న్యాయసంప్రదాయంలో బండివాళ్ళకీ పడవవాళ్ళకీ ఇదే ధర్మం వర్తించేది. పదిమందికీ సరుకు మోస్తానని బజార్లో నిలబడ్డవాడు, నీ మూట మొయ్యను, నీ మొహం నచ్చలేదు అనడానికి వీల్లేదు. అలాంటివాణ్ణి 'కామన్ క్యారియర్' అన్నారు. 1910లో అమెరికా చట్టం టెలిఫోను, టెలిగ్రాఫు కంపెనీలను ఆ కోవలోకి తెచ్చింది. 1934లో వచ్చిన కమ్యూనికేషన్స్ చట్టం వాటిమీద ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ను కూర్చోబెట్టింది.

ఈ ధర్మానికి రెండు సగాలున్నాయి. ఒకటి, మోసేటప్పుడు తేడా చూపకూడదు. రెండోది, తీసుకునే కూలి న్యాయంగా ఉండాలి. ఈ రెండో సగాన్ని గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను. దాని దగ్గరికి మళ్ళీ రావాలి.

టెలిఫోను వచ్చిన కొత్తలో లైన్లు కలిపే పనికి కుర్రాళ్ళను పెట్టారు. వాళ్ళు ఫోన్లు చేసిన వాళ్ళతో పెంకెగా మాట్లాడేవాళ్ళు, తిట్టేవాళ్ళు. 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే యువతిని పనిలోకి తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ ఆమే అంటారు. కొద్దికాలంలోనే ఆ పని మొత్తం ఆడవాళ్ళ పనైపోయింది. కారణాలు మనకు తెలిసినవే. మెత్తటి గొంతు, తక్కువ జీతం, ఎదురు చెప్పరన్న నమ్మకం.

ఆ నమ్మకాన్ని 1919 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు ఆపరేటర్లు వమ్ము చేశారు. యుద్ధం పేరు చెప్పి అప్పటికి టెలిఫోన్లను ప్రభుత్వమే పోస్టల్ శాఖ కింద నడుపుతోంది. జూలియా ఓకానర్ నాయకత్వంలో దాదాపు ఎనిమిది వేలమంది ఆడపిల్లలు బోర్డుల ముందునుంచి లేచి బయటికి నడిచారు. వారం తిరక్కుండా జీతాలు పెంచక తప్పలేదు. ఆ కొద్దిరోజులూ ఆ ప్రాంతంలో టెలిఫోన్లు మూగబోయాయి. మోసేది తీగ కాదు, తీగను కలిపే చెయ్యి అని అప్పుడు అందరికీ అర్థమైంది.

కానీ చరిత్ర పుస్తకాలు ఈ సమ్మెను కాక ఇంకో కథను ఎక్కువ ఇష్టంగా చెబుతాయి. ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన అమెరికాలోని కాన్సస్ సిటీలో శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారం చేసేవాడు. పోటీ వ్యాపారి భార్య ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉండి, తనకు రావలసిన కాల్స్‌ని మొగుడికి కలుపుతోందని ఆయన అనుమానమట. ఆ కోపంతో, మనిషి చెయ్యి అక్కర్లేని ఆటోమాటిక్ స్విచ్చి కనిపెట్టి 1891లో పేటెంటు సంపాదించాడు. పేటెంటు నిజం. ఆ ఆడమనిషి సంగతి మాత్రం కథగానే నోటినోటా వచ్చింది. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో మొదటి ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి మొదలైంది. అమ్మాయిలు లేని, తిట్లు లేని టెలిఫోను అని దాన్ని పొగిడారు.

ఈ కథను సాంకేతిక శాస్త్రవేత్తలు నవ్వుతూ చెబుతారు. నాకు నవ్వు రాదు. ఇందులో పక్షపాతానికి మొహం ఒక ఆడదానిది, మొగుడి కోసం మోసం చేసే ఆడదానిది. నిష్పక్షపాతానికి మొహం యంత్రానిది. యంత్రం వస్తే చాలు, తేడాలు చూపడం పోతుందన్నమాట! తర్వాత జరిగింది అది కాదు. స్విచ్చి ఆపరేటరు చేతిలోంచి కంపెనీ చేతిలోకి పోయింది, అంతే. ఆపరేటరు మొహం తెలుసు, తప్పు చేస్తే ఫిర్యాదు చేయవచ్చు, మెమో ఇవ్వవచ్చు. కంపెనీకి మొహం ఉండదు.

* * *

మోసేవాడే తీర్పరి అయితే ఏమవుతుందో అమెరికా పోస్టాఫీసు చరిత్రలో ఉంది. 1873లో వచ్చిన కామ్‌స్టాక్ చట్టం, గర్భనిరోధం గురించీ గర్భస్రావం గురించీ సమాచారాన్ని అశ్లీలంతో జతకట్టి, టపాలో పంపడాన్ని నేరం చేసింది. ఆ చట్టం తెచ్చిన ఆంథనీ కామ్‌స్టాకే పోస్టల్ ఇన్‌స్పెక్టరై దాన్ని అమలుచేశాడు. దాంపత్య జీవితం గురించి కరపత్రాలు రాసిన ఐడా క్రాడక్, జైలుశిక్షలు భరించలేక 1902లో ఆత్మహత్య చేసుకుంది. 1913లో మార్గరెట్ శాంగర్ ఒక సోషలిస్టు పత్రికలో ఆడపిల్లలకోసం రాస్తున్న శీర్షికలో సుఖవ్యాధుల గురించి రాస్తే, దాన్ని మొయ్యమని పోస్టాఫీసు బెదిరించింది. పత్రిక ఆ చోట శీర్షిక పేరు వేసి, కింద పోస్టల్ శాఖ ఆజ్ఞప్రకారం ఏమీ లేదని అచ్చువేసి ఖాళీగా వదిలేసింది. మరుసటి ఏడు ఆమె సొంత పత్రిక 'ది వుమన్ రెబెల్' సంచికల్ని కూడా టపాలో పోనివ్వలేదు. శాంగర్ తర్వాతి రోజుల్లో సుప్రజనన వాదంతో చేసిన స్నేహాన్ని మనం మరిచిపోలేం. అయినా ఆ ఖాళీ చోటు ఆమె ఒక్కదానిదే కాదు.

మన దగ్గరా నిషేధాలున్నాయి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురించిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను మరుసటి ఏడు ప్రభుత్వం నిషేధించిన సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్త కాదు. అది అన్యాయమే. కానీ పుస్తకాన్ని నిషేధించినప్పుడు, నిషేధించింది ఎవరో తెలుస్తుంది, వాదించవచ్చు, ఎత్తివేయించవచ్చు. 1947లో అదే జరిగింది. మోసేవాడు మధ్యదారిలో నొక్కేస్తే, రాసినామె ఎందుకు జవాబు రాలేదా అని ఎదురుచూస్తూ ఉండిపోతుంది. చదవాల్సినామెకు అసలు తనకొకటి వస్తోందనే తెలియదు. మా అమ్మకు రాసిన ఉత్తరాల్లో ఎన్ని ఆమెకు అందనేలేదో మాకు ఇప్పటికీ తెలియదు.

* * *

ఇంటర్నెట్ టెలిఫోను తీగల మీదే పెరిగింది. కాబట్టి కామన్ క్యారియర్ ధర్మం దానికీ సహజంగానే అబ్బింది. 2002లో అమెరికా కమిషన్ ఒక మాట మార్చింది. కేబుల్ ద్వారా ఇంటర్నెట్ ఇవ్వడం 'టెలికమ్యూనికేషన్ సర్వీసు' కాదు, 'ఇన్ఫర్మేషన్ సర్వీసు' అంది. 2005లో సుప్రీంకోర్టు అది కమిషన్ ఇష్టమేనంది. పేరు మారింది, దానితో ధర్మమూ పోయింది. ఈలోగా 2003లో టిమ్ వూ అనే న్యాయశాస్త్ర అధ్యాపకుడు రాసిన వ్యాసంతో నెట్ న్యూట్రాలిటీ అనే మాట వాడుకలోకి వచ్చింది.

2007 సెప్టెంబరులో నారల్ అనే గర్భస్రావ హక్కుల సంస్థ, కోరి నమోదు చేసుకున్న సభ్యులకు సెల్‌ఫోనులో పొట్టి సందేశాలు పంపుకునే ఏర్పాటు కావాలని కంపెనీలను అడిగింది. మిగతా పెద్ద కంపెనీలు సరేనన్నాయి. వెరైజన్ వైర్‌లెస్ ఒప్పుకోలేదు. వివాదాస్పదమైనవీ, కొందరికి రుచించనివీ ఆపే హక్కు తమకుందంది. 'న్యూయార్క్ టైమ్స్'లో వార్త రాగానే ఒక్కరోజులో వెనక్కి తగ్గి, అది పాత నిబంధన, పొరపాటుగా వర్తింపజేశామంది. అడిగినవాళ్ళకి అడిగినవాళ్ళు పంపే సందేశం అది. మధ్యలో ఉన్నవాళ్ళకు రుచితో పనేమిటి? కామ్‌స్టాక్‌కీ ఈ కంపెనీకీ మధ్య 134 ఏళ్ళున్నాయి. ఆగిన విషయం మాత్రం ఒకటే, ఆడదాని గర్భం. వెనక్కి తగ్గడం కంపెనీ దయ. చట్టం ప్రకారం తగ్గాల్సిన అవసరం ఉందో లేదో అప్పుడు ఎవరూ తేల్చలేదు. 2018 డిసెంబరులో కమిషన్ తేల్చింది. పొట్టి సందేశాలు కూడా ఇన్ఫర్మేషన్ సర్వీసేనని, అంటే కామన్ క్యారియర్ ధర్మం వాటికి లేదని.

ఆ తర్వాత అమెరికాలో జరిగింది ఉయ్యాలాట. కమిషన్ 2010లో నిబంధనలు పెట్టింది, 2014లో కోర్టు వాటిలో ముఖ్యమైనవి కొట్టేసింది. 2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్‌ను మళ్ళీ కామన్ క్యారియర్ కోవలోకి తెచ్చారు, 2017 డిసెంబరులో తీసేశారు. రెండుసార్లూ ఓట్లు 3-2. 2024 ఏప్రిల్‌లో మళ్ళీ 3-2తో తెచ్చారు. 2025 జనవరి 2న అప్పీళ్ళ కోర్టు, కమిషన్‌కు ఆ అధికారమే లేదని కొట్టేసింది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. కామ్‌స్టాక్ చట్టంలో గర్భనిరోధం మాట 1971లో తీసేశారుగాని, గర్భస్రావానికి సంబంధించిన భాగం పుస్తకాల్లో మిగిలే ఉంది. 2022లో గర్భస్రావ హక్కును అక్కడి సుప్రీంకోర్టు ఊడబెరికాక, ఆ పాత కాగితాన్ని మళ్ళీ బయటికి తీసి మాత్రల్ని టపాలో పోకుండా ఆపాలని వాదించేవాళ్ళు వచ్చారు. ఎప్పటిదో అని వదిలేసిన చట్టం ఎప్పుడు నిద్రలేస్తుందో చెప్పలేం.

* * *

మన దగ్గరికి ఈ గొడవ 2015లో వచ్చింది. ఆ ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనే పథకాన్ని తెచ్చాయి. మొదలుపెట్టిన ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. ఎంపిక చేసిన 38 వెబ్‌సైట్లు ఉచితం, తెలుగులోనూ చూడవచ్చు. మిగతా ఇంటర్నెట్ కావాలంటే డబ్బు కట్టాలి. తర్వాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అయింది. మార్చిలో ట్రాయ్ ప్రజాభిప్రాయం అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. వాటన్నిటినీ పంపినవాళ్ళ ఈమెయిల్ చిరునామాలతో సహా ట్రాయ్ తన వెబ్‌సైట్లో పెట్టేసింది! అభిప్రాయం చెప్పడానికి ధైర్యం చేసిన ఆడవాళ్ళకు అదొక పాఠం.

అప్పుడు మహిళా సంఘంలో పనిచేసే నా స్నేహితురాలు ఒక ప్రశ్న వేసింది. "మీరంతా ఇంట్లో కనెక్షను పెట్టుకుని వాదిస్తున్నారు. మా పొదుపు సంఘాల్లో ఆడవాళ్ళకి అసలేమీ లేదు. ఏదో ఒకటి ఊరికే వస్తే తప్పేమిటి?" ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. అది తేలిక ప్రశ్న కాదు. ఆకలిగా ఉన్న మనిషికి పెట్టే అన్నాన్ని సిద్ధాంతం పేరుతో లాగేసే హక్కు ఎవరికుంది?

తర్వాత ఆలోచించాను. మా తాతయ్య ఇంట్లోనూ అమ్మకు అన్నీ ఊరికే వచ్చేవి. ఇన్‌లాండ్ లెటరు ఆయనే కొనిచ్చేవారు. తపాలా ఖర్చు ఆయనదే. ఏది చదవాలో, ఎవరికి రాయాలో ఎంచే హక్కు కూడా ఆయనదే. పేద ఆడమనిషికి ఇవి చాలు అని 38 వాకిళ్ళు ఎంచినవాళ్ళు ఎవరు? అందులో మొగుడు కొడితే ఎక్కడికి పోవాలో చెప్పే వాకిలి ఉందో లేదో తేల్చేది ఎవరు? 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, సమాచారంలో ఏముందో చూసి వేర్వేరు రేట్లు పెట్టకూడదని, పెడితే రోజుకు 50 వేల రూపాయల చొప్పున 50 లక్షల దాకా జరిమానా అని నిబంధన చేసింది. 2018లో కేంద్ర ప్రభుత్వం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించి లైసెన్సు షరతుల్లో చేర్చింది. మనం గెలిచామని పండగ చేసుకున్నాం.

నా స్నేహితురాలు మాత్రం పండగ చేసుకోలేదు. ఇక్కడే ఆ రెండో సగం గుర్తుకురావాలి.

వాషింగ్టన్‌లో మార్తా రైట్ అనే నల్లజాతి అమ్మమ్మ ఉండేది. చూపు లేదు. మనవడు జైల్లో ఉన్నాడు, దూరదూరం జైళ్ళకి మారుస్తున్నారు. ఉత్తరం రాసుకోలేదు, చదువుకోలేదు. ఫోనొక్కటే దారి. జైలు ఫోన్లు ఒక్కో కంపెనీ గుత్త. దేశంలో కొన్నిచోట్ల పదిహేను నిమిషాలకు 17 డాలర్ల వరకూ పడేది. ఆ కంపెనీలు ఏ మాటనూ ఆపలేదు, ఎవరినీ వెనక్కి నెట్టలేదు. అందరినీ సమానంగా దోచుకున్నాయి. 2003లో ఆమె కమిషన్‌కు అర్జీ పెట్టుకుంది. పదేళ్ళు కదల్లేదు. 2013లో మిన్యన్ క్లైబర్న్ అనే నల్లజాతి మహిళ తాత్కాలిక అధ్యక్షురాలిగా ఉన్న కొద్దినెలల్లో, రాష్ట్రాల మధ్య జైలు కాల్స్‌కు నిమిషానికి 21 నుంచి 25 సెంట్ల గరిష్ఠ ధర పెట్టారు. 2015లో మార్తా రైట్ చనిపోయింది. రాష్ట్రంలోపలి కాల్స్ మీద పెట్టిన హద్దుల్ని 2017లో కోర్టు కొట్టేసింది. ఆమె పేరుతోనే చట్టం చేసి ఆ అధికారాన్ని కమిషన్‌కు ఇచ్చింది 2023 జనవరిలో, అర్జీ పెట్టిన ఇరవయ్యేళ్ళకి.

నెట్ న్యూట్రాలిటీ గెలిచిందని సంబరపడిన 2015 ఆదేశంలోనే, ఇంటర్నెట్ ధరల జోలికి మాత్రం వెళ్ళబోమని కమిషన్ రాసుకుంది. తేడా చూపకూడదన్న సగం తీసుకుని, కూలి న్యాయంగా ఉండాలన్న సగాన్ని వదిలేసింది. మన దగ్గర జరిగిందీ అంతే. తీగ మీద వివక్ష ఉండకూడదన్నాం. తీగదాకా రాలేనివాళ్ళ సంగతి మార్కెట్టుకు వదిలేశాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు దేశంలో 33.3 శాతం, మగవాళ్ళు 57.1 శాతం. ఆడవాళ్ళు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. తాము సొంతంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్న ఆడవాళ్ళు దేశంలో సగం కంటే కాస్త ఎక్కువ. మిగతావాళ్ళకు ఫోను మొగుడిది, కొడుకుది. చూసి ఇస్తాడు, చూసి తీసుకుంటాడు. కళ్ళజోడు పెట్టుకున్న తాతయ్య అక్కడింకా కూర్చునే ఉన్నాడు. ఏ ట్రాయ్ నిబంధనా ఆయన్ని లేపలేదు.

ప్రభుత్వమే తీగ తెంపేస్తే కంపెనీల మీద పెట్టిన నిబంధన ఏమీ చేయలేదు. 2019 ఆగస్టులో కాశ్మీరులో అదే జరిగింది. 'కాశ్మీర్ టైమ్స్' సంపాదకురాలు అనూరాధా భసీన్ సుప్రీంకోర్టుకెళితే, 2020 జనవరిలో కోర్టు నిరవధికంగా ఇంటర్నెట్ ఆపడం కుదరదంది. అయినా అక్కడ పూర్తి వేగంతో రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

* * *

పిన్నిని ఒకసారి అడిగాను, నువ్వెప్పుడూ నియమం తప్పలేదా అని. నవ్వింది.

"ఒకసారి మెమో తిన్నాను. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాల కాల్స్ ఉండేవి కదా. అర్జెంటుకి రెట్టింపు డబ్బు. ఒక ముసలమ్మ ఆర్డినరీ బుక్ చేసింది. కూతురికి కాన్పు కష్టమైంది, అల్లుడికి చెప్పాలి. ముందు బెల్లం వ్యాపారి అర్జెంటు కాల్ ఉంది. ముసలమ్మది ముందు కలిపేశాను. షావుకారు కంప్లయింటు ఇచ్చాడు."

డబ్బిచ్చినవాడికి ముందు దారి ఆ రోజుల్లోనూ ఉందన్నమాట. కాకపోతే రేటు గోడమీద రాసి ఉండేది, ఎవరు కట్టినా ఒకటే, ఏం మాట్లాడతావని అడిగేవాళ్ళు కాదు. అయినా ఆ ముసలమ్మ దగ్గర ఆ రెట్టింపు లేదు. నియమం నిష్పక్షపాతంగానే ఉంది. న్యాయం మాత్రం ఆ రోజు మెమో తిన్న చేతిలో ఉంది.

అక్క ఏడుస్తుంటే కీ మూసిన చెయ్యీ, ముసలమ్మకోసం వరస తప్పించిన చెయ్యీ ఒకటే. పిన్నికి ఈ రెండింట్లో తేడా కనిపించలేదు. "మాట వాళ్ళది, నేను వినకూడదు. కానీ మాట్లాడే వీలు వాళ్ళకి ఉండాలి కదే. అదీ నా పనే" అంది. ఈ రెండో మాటని చట్టాల్లోకి ఎలా ఎక్కించాలో మనమింకా తేల్చుకోలేదు.

ఆ బస్సెక్కి వచ్చిన మా తాతగారు వారం రోజుల తర్వాత అమ్మను వెంటబెట్టుకుని పుట్టింటికి తెచ్చారు. అక్కడ అమ్మ చేసిన మొదటి పని, మా పిన్నితో ఒక ఇన్‌లాండ్ లెటరు తెప్పించుకుని, స్నేహితురాలికి రాసి, తన చేత్తోనే అంటించుకోవడం. అందులో ఏం రాసిందని నేనెప్పుడూ అడగలేదు.